సాళువకు రెండో సీజన్

ఆగస్టు 16, శనివారం

ఈ ఉదయం నా వేట డేగ సాళువ తూకం 1,348 గ్రాములు. పోయిన ఫిబ్రవరిలో చివరిసారి ఎగరేసిన రోజు 1,085. ఎండాకాలమంతా ఆపకుండా మేపాను, ఒళ్ళు చేసింది. ఈకలు రాల్చే కాలంలో అలాగే మేపాలి. తిండి తగ్గితే కొత్త ఈక మీద అడ్డంగా సన్నని గీత పడుతుంది, రేపు వేటలో ఈక ఆ గీత దగ్గరే విరుగుతుంది.

సాళువ ఎర్రతోక డేగ, ఆడది. పోయిన నవంబరులో డాలస్‌కి పడమరగా, రోడ్డు పక్క స్తంభం మీద కూర్చుని ఉంటే పట్టాను. అప్పుడు దాని వయసు ఆరేడు నెలలు. వేటకు మచ్చిక చేసిన డేగను మన పాత తెలుగులో సాళువ అనేవారు. విజయనగరం ఏలిన సాళువ నరసింహరాయల పేరులో ఉన్నది ఈ పక్షే. మా గురువుగారికి ఆ పేరు నోరు తిరగక 'సాలీ' అని పిలుస్తారు. ఇక్కడ ఈ విద్యకు లైసెన్సు కావాలి. నూటికి 80 మార్కుల పరీక్ష, డేగ గది తనిఖీ, ఆ పైన అనుభవం ఉన్న ఒక డేగ వేటగాడి దగ్గర రెండేళ్ళు శిష్యరికం. నాది రెండో ఏడాది.

మొదటి ఏడాది డేగలకు తోక గోధుమ రంగులో ఉండి, దాని మీద నల్లని చారలుంటాయి. ఒక్కసారి ఈకలు మార్చాకే ఇటుక రంగు వస్తుంది. చాలామంది సీజన్ అయిపోగానే మార్చిలో పక్షిని వదిలేస్తారు, మా గురువుగారు కూడా అంతే. నేను వదల్లేకపోయాను. ఆ ఎర్రతోక నా కళ్ళముందు రావాలనిపించింది. ఇవాళ చూస్తే పన్నెండు తోక ఈకల్లో పదకొండు ఎర్రవే. మధ్యాహ్నం ఎండలో తోక విప్పితే అచ్చం ఇటుక బట్టీ మంటలా ఉంది. ఆఫీసు కాల్ మధ్యలో కిటికీలోంచి చూసి, మాట్లాడుతున్న మాట మరిచిపోయాను.

వచ్చే మార్చిలో మాత్రం వదిలేస్తాను. ఆ మాట గురువుగారికి ఇచ్చాను. అందుకే ఈ సీజన్లో దాన్ని నా చేతి ముక్కకు అలవాటు చేయడం కాదు, గట్టిగా వేటాడే డేగను చేసి పంపాలి.

ఆగస్టు 31

తప్పు నాదే. డేగ గది కిటికీకి నిలువు కడ్డీలే ఉండాలి, వల ఉండకూడదు. అది మొదటి పాఠం. వర్షం జల్లు కొడుతోందని పోయిన నెలలో ఒక మూలకు అట్ట బిగించాను, అది ఊగకుండా చిన్న తీగ వల ముక్క కొట్టాను. తర్వాత అట్ట తీసేశాను గాని వల ముక్క మిగిలిపోయింది. ఈ ఉదయం పక్కింటి కుక్క మొరిగితే సాళువ బెదిరి కిటికీ మీదికి ఎగిరింది, తోక వలలో ఇరుక్కుంది. కుడివైపు నాలుగో ఈక విరిగింది. కొత్త ఎర్ర ఈక, పది రోజుల కిందటే పూర్తిగా పెరిగింది.

పక్షికి దెబ్బ తగల్లేదు, రక్తం రాలేదు. ఈక ఎదిగిపోయాక లోపల రక్తం ఉండదు, మన గోరులాంటిదే. పెరుగుతున్నప్పుడు విరిగితే పెద్ద ప్రమాదం అయ్యేది. అయినా సాయంత్రం దాకా నాకు ఏడుపు ఆగలేదు. వల ముక్క పీకేసి, గదంతా చేత్తో తడిమి చూశాను. వాలే కర్ర మీద ప్లాస్టిక్ గడ్డి కార్పెట్ అరిగింది, అదీ మార్చాను. కర్ర నున్నగా అయితే డేగల అరికాళ్ళకు పుండ్లు పడతాయి.

సెప్టెంబరు 6

విరిగిన ఈకను అతికించాం. ఈ పని నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టం.

రాలిన ఈకలన్నీ దాచుకుంటాం. ఏది ఎటువైపు ఎన్నోదో కవరు మీద రాస్తాను. పోయినేడాది తోకలోని కుడి నాలుగో ఈక గోధుమ రంగుది, భద్రంగా ఉంది. గురువుగారు సాళువ కళ్ళకు తోలు టోపీ పెట్టి, తువాలులో చుట్టి, బల్ల మీద బోర్లా పట్టుకున్నారు. కళ్ళు కప్పితే డేగ ఎంత నిమ్మళంగా ఉంటుందో చూసి తీరాలి. తోక కింద అట్టముక్క దూర్చాను, జిగురు పక్క ఈకలకు అంటకుండా. విరిగిన చోటికి పైన, కాడ గట్టిగా ఉన్న దగ్గర కోశాను. కాడ లోపల బోలుగా ఉంటుంది. కబాబు గుచ్చే వెదురు పుల్లను ఉప్పుకాగితంతో మూడు పలకలుగా అరగదీశాను. గుండ్రంగా ఉంటే లోపల తిరిగిపోతుంది, పలకలుంటే పట్టు దొరుకుతుంది. పుల్ల సగం పాత ఈకలో, సగం తోకలోని కాడలో, మధ్యలో ఎపాక్సీ.

పొడవు దగ్గర చిక్కు వచ్చింది. పిల్ల డేగల తోక పెద్దవాటి తోక కన్నా కాస్త పొడవు. అది మరిచిపోయి కోసి ఉంటే ఒక ఈక బయటికి పొడుచుకు వచ్చేది. గురువుగారు గుర్తు చేశారు. మూడుసార్లు కొలిచి, కాడ వైపు ఇంకొంచెం కోసి, ఈక వంపు పక్క ఈకల వంపుతో కలిసేలా తిప్పి, జిగురు పట్టేదాకా పది నిమిషాలు వేళ్ళతో పట్టుకున్నాను. నా వేళ్ళు వణకలేదు. ఎందుకో తెలీదు గాని వణకలేదు.

ఇప్పుడు పదకొండు ఎర్ర ఈకల మధ్య ఒక్క గోధుమ ఈక. దూరంగా ఎగిరినా మా పక్షిని గుర్తుపట్టొచ్చు.

సెప్టెంబరు 14

అమ్మా నాన్నా వచ్చారు, ఆర్నెల్లు ఉంటారు. నాన్నది మార్కాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు నల్లమల అంచున చెవులపిల్లుల వేటకు పెద్దవాళ్ళ వెంట వెళ్ళేవాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఆ తర్వాత నాన్న ఎప్పుడూ వేటకు వెళ్ళలేదు. అక్కడ ఇలా డేగతో వేటాడితే నేరం. ఇక్కడ కుందేళ్ళకు వేట నిషేధ కాలం లేదు, లైసెన్సూ పొలం ఆసామి అనుమతీ ఉంటే చాలు.

గ్యారేజీలో సామాను చూపించాను. డేగను పట్టిన బోను దగ్గర నాన్న ఆగిపోయాడు. కొబ్బరి చిప్ప బోర్లించినట్టున్న తీగ బోను. లోపల ఎలక ఉంటుంది, పైనంతా సన్నని ఉచ్చులు. డేగ ఎలక కోసం వాలితే కాళ్ళు ఉచ్చుల్లో పడతాయి. అమెరికా డేగ వేటగాళ్ళంతా దీన్ని 'బాల్ ఛత్రి' అనే అంటారు. బాల్ అంటే వెంట్రుక, ఛత్రి అంటే గొడుగు. మన దేశం నుంచి వచ్చిందే, పాతకాలంలో ఉచ్చులు గుర్రపు వెంట్రుకలతో వేసేవారు. నాన్న ఒక ఉచ్చు పట్టుకుని, "అమ్మాయ్, ఈ ముడి నాకు వచ్చు. కంజుల కోసం వేసేవాళ్ళం," అన్నాడు. కళ్ళజోడు లేకుండా వేసి చూపించాడు కూడా.

మువ్వలు కొత్తవి కావాలి. పాత వాటిలో ఒకటి పగిలి గొంతు పోయింది. గురువుగారు తన పాత లాహోరు ఇత్తడి మువ్వలు ఇచ్చారు. రెండు మువ్వలూ ఒకే స్వరం పలకకూడదు, కొద్దిగా తేడా ఉంటే గాలిలో దూరం వినిపిస్తుంది. కాళ్ళ పట్టీలు కంగారూ తోలుతో నేనే కోశాను. పల్చగా ఉండి తెగదు. రేడియో ట్రాన్స్‌మిటర్ రెండు పెట్టాలని ఈసారి నిర్ణయం, ఒకటి వీపుకి, ఒకటి కాలికి. కారణం ఫిబ్రవరి.

ఫిబ్రవరి సంగతి నాన్నకు చెప్పాను. ఆ రోజు తూకం సరిగ్గా 1,085. అంతకు ముందు వారం అదే తూకానికి రెండు కుందేళ్ళు పట్టింది. పుస్తకంలో ఆ అంకె చుట్టూ గీత కూడా గీసుకున్నాను. కాని ఆ రోజు ఎండ కాసి, చలికాలం మధ్యలో వేసవిలా అయింది. నేల వేడెక్కి గాలి పైకి లేస్తోంది. సాళువ చెట్టు మీంచి లేచి, రెక్క ఆడించకుండా సుడులు తిరుగుతూ చుక్క అయిపోయింది. పిలుస్తూనే ఉన్నాను. మర్నాడు రేడియో సంకేతం పట్టుకుని వెళ్తే 11 కిలోమీటర్ల అవతల దొరికింది. అంకె అదే, ఎండ వేరు. చలిలో ఆకలి పుట్టించిన బరువు వేడిలో పుట్టించలేదు.

"మరి ఎందుకు తిరిగొచ్చింది?" అన్నాడు నాన్న.

ఆకలేసి, అన్నాను. అంతకు మించి నాకు తెలీదు.

సెప్టెంబరు 21

తూకం తగ్గించడం మొదలు. ఆకలి ఉంటేనే పిలిస్తే వస్తుంది. ఇవాళ 1,331.

రోజూ సాయంత్రం ఒకే సమయానికి తూస్తాను. ఇంతకుముందు రోజుకు వంద గ్రాములకు పైగా పెట్టేదాన్ని, ఇప్పుడు అరవై, డెబ్భై. కౌజు పిట్ట మాంసం, వారానికి రెండుసార్లు ఎలక. బయట పట్టిన పావురాలు పెట్టను, వాటి నుంచి గొంతులో పుండ్ల జబ్బు వస్తుంది. బాతులూ వద్దు, 2022 నుంచి బర్డ్ ఫ్లూ భయం. ఈకలతో, బొచ్చుతో తినిపిస్తే మర్నాడు పొద్దున అరగనిదంతా ఉండ చేసి కక్కుతుంది. ఆ ఉండ దొరికాకే మళ్ళీ తిండి. ఉండ గట్టిగా, వాసన లేకుండా ఉంటే లోపల అంతా బాగున్నట్టు.

బయట ఇంకా 35 డిగ్రీలు. ఈ వేడిలో తొందరపడితే పక్షి నీరసిస్తుంది. రోజుకు పది గ్రాములు పడితే చాలు. దోమలకు గది చుట్టూ జాలీ, ఒక ఫ్యాను. వెస్ట్ నైల్ జ్వరం డేగలను చంపేస్తుంది, దోమలే తెస్తాయి. (జాలీ బయటి వైపున, కడ్డీలకు జానెడు దూరంలో. ఒకసారి చాలు.)

అమ్మకు ఫ్రీజరు ఒక్కటే అభ్యంతరం. గ్యారేజీలో వేరేది పెట్టించాం.

అక్టోబరు 4

1,206. గదిలో కర్ర మీంచి చేతి మీదికి దూకింది, రెండడుగులు. నాలుగు నెలల తర్వాత ఆ బరువు నా ఎడమ చేతి మీద. గ్లవ్ లోంచి గోళ్ళ పట్టు తెలుస్తోంది.

అక్టోబరు 12

1,142. పొడవు తాడు కట్టి పెరటి అవతలి గడ్డి మైదానంలో ముప్ఫై మీటర్ల నుంచి పిలిచాను. ఈల నోట్లో ఉండగానే బయల్దేరింది. నేల మీంచి జానెడు ఎత్తున వచ్చి, చివర్లో పైకి లేచి చేతి మీద వాలింది. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ అంతే.

అక్కడ ఆగాల్సింది.

అక్టోబరు 15

ఆగలేదు. నా పుస్తకంలో 1,085 ఉంది కదా, అక్కడి దాకా దించాలనుకున్నాను. ముక్కలు తగ్గించాను, పైగా నీళ్ళలో నానబెట్టి సారం తీసిన మాంసం పెట్టాను. ఇవాళ 1,104. సాయంత్రం చేతి మీదికి వచ్చింది గాని మనిషిని చూసే చూపు కాదు అది. రెక్కలు గొడుగులా పరచి తిండిని కప్పేసుకుంది. ముక్క మార్చబోతే గ్లవ్ లేని కుడిచేతిని పట్టింది. బొటనవేలి మొదట్లో గోరు లోతుగా దిగింది. విదిలిస్తే ఇంకా బిగిస్తుంది. కదలకుండా నిలబడ్డాను, మా ఆయన వచ్చి ముక్క చూపించేదాకా. తర్వాత క్లినిక్, టెటనస్ ఇంజెక్షన్, మందులు.

నొప్పి ఉంది గాని దాని మీద కోపం లేదు. ఆ పక్షిని నేనే అంత ఆకలికి తెచ్చాను.

అక్టోబరు 16

గురువుగారు వచ్చారు. తూకం అడగలేదు. సాళువను చేతి మీద పెట్టుకుని, రొమ్ము ఎముకకు అటూ ఇటూ వేళ్ళతో తడిమారు. నా చేతిని పట్టుకుని అక్కడే పెట్టారు. ఎముక అంచు కత్తిలా తగిలింది. వారం కిందట దాని రెండు పక్కలా కండ నిండుగా ఉంది.

"నీ పుస్తకంలోది పోయినేడాది పిల్ల తూకం," అన్నారు. "అప్పుడు దానికి ఇంత కండ లేదు. ఆదివారం అది ఈలకే వచ్చిందన్నావు. మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళు."

పక్షి చెప్పాల్సింది చెప్పింది. వినకుండా పుస్తకం చూశాను. ఫిబ్రవరిలో చేసిందీ ఇదే. అప్పుడు అంకె చూసి ఎండను మరిచిపోయాను, ఇప్పుడు అంకె చూసి కండను. ఇవాళ్టి నుంచి పుస్తకంలో తూకం పక్కన ఇంకో మూడు గడులు గీశాను: బయటి వేడి, రొమ్ము కండ, పిలిస్తే ఎంతసేపటికి వచ్చింది. పాత అంకె చుట్టూ గీత కొట్టేశాను.

ఇవాళ కడుపునిండా కుందేలు మాంసం, రేపూ అంతే.

అక్టోబరు 26

1,138. బయట 22 డిగ్రీలు. పిలుపుకి రెండు సెకన్లు. తాడు విప్పేశాను.

తాడు విప్పే క్షణం నాకు ఎప్పటికీ అలవాటు కాదనుకుంటా. ట్రాన్స్‌మిటర్లు రెండూ మోగుతున్నాయా అని నాలుగుసార్లు చూసుకున్నాను. చెట్టు మీదికి పంపితే వెళ్ళి, కొమ్మ మీద ఒళ్ళు దులుపుకుని, ముక్కుతో ఆ గోధుమ ఈకను దువ్వుకుంది. నేను నడిస్తే చెట్టు నుంచి చెట్టుకు నా వెంట వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత తాడు లేకుండా.

కండ కూడా పెంచుతున్నాం. నేల మీంచి, తలకన్నా ఎత్తున పట్టుకున్న చేతి మీదికి నిట్టనిలువుగా ఎగరడం. ప్రతి ఎగురుకూ చిక్కుడు గింజంత ముక్క. మొదటి రోజు పన్నెండుకే రొప్పింది, ఇవాళ ముప్ఫై నాలుగు. లెక్క నాన్న పెడుతున్నాడు, చాక్‌పీసుతో గ్యారేజీ తలుపు మీద.

నవంబరు 2

పొలం చూడ్డానికి వెళ్ళాం, డేగ లేకుండా. గంట ప్రయాణం. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా సొంతదారులదే, అనుమతి దొరకడం అదృష్టం. ఆసామి పెద్దావిడ, ఆమె కూరగాయల మడికి కుందేళ్ళ బెడద ఎక్కువ.

నేను ముందు చూసింది కరెంటు స్తంభాలు. డేగ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్తంభం మీద వాలి రెండు తీగలకు రెక్కలు తగిలితే అంతే. మచ్చిక డేగలు ఇక్కడ చాలా అలాగే పోతాయి. తూర్పు వైపు అలాంటివి రెండున్నాయి, ఆ వైపు వెళ్ళం. పడమట వాగు పక్కన మెస్కీట్ చెట్లు, అచ్చం మన సర్కారు తుమ్మే, ముళ్ళతో సహా. కొట్టేసిన కొమ్మల కుప్పలు ఏడున్నాయి. 2020లో ఇక్కడి కుందేళ్ళకు కొత్త వైరస్ వచ్చి చాలా చచ్చాయి, కాబట్టి అసలు ఉన్నాయా అన్నదే నా బెంగ.

నాన్న వంగి నేల చూస్తూ నడిచాడు. మూడో కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని పెంటికలు ఏరి వేళ్ళతో నలిపాడు. "ఇవి రాత్రివే. అవి పాతవి, ఎండిపోయినై." గడ్డిలో నొక్కుకుపోయిన గుంట చూపించి, "ఇక్కడ పడుకుంటది. ఎండ తగిలే పక్కకి, గాలికి వీపు పెట్టి," అన్నాడు. ఇక్కడి కాటన్‌టెయిల్ చిన్నది, కిలో పైన ఉంటుందంతే. మన చెవులపిల్లికి దగ్గర చుట్టం జాక్‌రాబిట్. ఒకటి కంచె అవతల లేచి, ఆ పొడవు చెవులతో పరిగెడుతుంటే నాన్న చిన్న పిల్లాడిలా అరిచాడు. దాని జోలికి మేం పోం. రెండు మూడు కిలోలుంటుంది, వెనక కాళ్ళతో తంతే డేగకు దెబ్బ.

తిరిగొచ్చేటప్పుడు దారిలో బండ పక్కన గిలక పాము (ర్యాటిల్‌స్నేక్) చుట్టచుట్టుకుని ఉంది. గట్టిగా మంచు పడేదాకా వేట లేదు.

నవంబరు 23, ఆదివారం

రెండు రాత్రులు మంచు పడింది. నిన్ననే వెళ్దామనుకుంటే అమ్మ, "శనివారం పూట వేటేంటమ్మా, వెంకటేశ్వరస్వామి వారం," అంది. ఇవాళ వెళ్ళాం.

తూకం 1,146. వేడి 6 డిగ్రీలు. కండ నిండుగా. పిలుపుకి, పెట్టె తలుపు తీయగానే.

నాన్నకు వేట లైసెన్సు లేదు, అందుకని కర్ర ఇవ్వలేదు. కంచె దగ్గర మడత కుర్చీ వేశాను. గురువుగారు, నేను కుప్పలు తట్టాం. సాళువ ఎండిన మెస్కీట్ కొమ్మ మీద, తల వంచి మా కర్రల వంక చూస్తోంది. అది మా వెంట రావడం లేదు, మేమే దానికోసం పని చేస్తున్నాం అన్నట్టుంది.

రెండో కుప్పలో లేచింది. "హో హో హో" అని అరిచాను. ఇక్కడ వేటగాళ్ళు అలాగే అరుస్తారు. సాళువ రెక్క ముడిచి దిగింది, కుందేలు పక్కకు మళ్ళింది, ఉత్త గడ్డి పట్టింది. నాలుగో కుప్పలో ఇంకోటి, మళ్ళీ తప్పింది. పొదలో దూరిన తోక చూసి గుండె ఆగింది. ఈక నిలిచింది.

మూడోది నాన్న పసిగట్టినదే. కుప్పలో కాదు, అతను చూపించిన గుంట దగ్గర. ముందే చెప్పి ఉంచాడు, "అటు పక్క నుంచి రండి, ఎండ దాని కళ్ళలో పడేలా" అని. నా బూటుకు బారెడు దూరంలో లేచింది. సాళువ ఈసారి సూటిగా రాలేదు. పక్కగా ఎగిరి, అది మళ్ళే మూలకు ముందే చేరి, తిరగేసుకుని పడింది. మువ్వలు ఒక్కసారి గట్టిగా మోగి ఆగిపోయాయి.

పరుగెత్తాను. ఒక కాలు తల మీద, ఒక కాలు నడుం మీద. ఆలస్యం చేయకూడదు, వెంటనే కుందేలు మెడ విరిచి బాధ తీర్చాను. సాళువ రెక్కలు పరచింది గాని ఆ రోజులా కాదు, నన్ను చూసి మళ్ళీ తన పని చూసుకుంది. గుండె, కాలేయం తీసి గ్లవ్ మీద పెట్టాను. గొంతు సంచి నిండేదాకా తిననిచ్చాను. కోసేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటాం, కుందేళ్ళ జ్వరం మనుషులకు అంటుతుంది.

కంచె దగ్గరికి వెళ్తే నాన్న నిలబడి ఉన్నాడు. కుర్చీలో కూర్చున్నట్టే లేడు. "అమ్మాయ్, అది అడ్డం వచ్చి పట్టింది చూశావా? మా దగ్గర మంచి కుక్క అట్టా పట్టేది," అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

మిగిలిన మాంసం బాగా ఉడికించి నాన్నే ఇగురు చేశాడు, ధనియాలు వేయించి నూరి. అమ్మ తినలేదు గాని కారం సరిపోయిందా అని రెండుసార్లు అడిగింది.

నవంబరు 24

1,231, నిన్నటి తిండితో. పొద్దున్నే కర్ర కింద బూడిద రంగు బొచ్చు ఉండ దొరికింది, గట్టిగా ఉంది. తోకలో పదకొండు ఎర్రవి, ఒక గోధుమ. అన్నీ ఉన్నాయి. ఇవాళ తిండి లేదు. రేపు సాయంత్రం తూకం.